మా వీధిలో కాల్పులాల్పన్

పోయిన వారం వేలూరు పక్కన సత్తువాచారిలో మా ఇంట్లో నేను వంటింటి గడప దగ్గర కూర్చోని చింతపండులో గింజలు తీస్తా ఉంటే, కాలేజీలో చదివే నా మనవరాలు పరీక్షకని ఇంగ్లీషు పుస్తకమొకటి ఒళ్ళో పెట్టుకొని గట్టిగా చదువుతా, ఒక పేరు దగ్గరికి వచ్చేసరికి నాలుక తిరగక రెండు మూడుసార్లు తడబడి, ఎప్పుడో మెక్సికో దేశంలో వాళ్ళలో వాళ్ళే కొట్టుకున్న యుద్ధమంట, అందులో ఆఖరి పోరు జరిగిన చోటంట, ఈ ఊరికి పేరు పెట్టినోణ్ణి పట్టుకొని నాలుగు తగిలించాలని విసుక్కునింది. నేను గింజలు వలుస్తానే, తలెత్తకుండా, కాల్పులాల్పన్ అన్నాను. ఆ పిల్ల పుస్తకంలోకి చూసింది, నా మొహంలోకి చూసింది, మళ్ళీ పుస్తకంలోకి చూసింది. ఇంగ్లీషులో సొంత పేరు కూడా రాయలేని అవ్వ నోట ఆ మాట యాడినుంచి ఊడిపడిందో దానికి అంతు చిక్కలేదు. చెప్పు చెప్పమని నా కొంగు పట్టుకునింది గాని, పరీక్ష పెట్టుకొని కథలేంటని కసిరి పంపించినాను. దానికి చెప్పనిది మీకు చెబుతాను. గుంట మగ్గం చప్పుడుకు నిద్ర లేచిన నా ఈడువాళ్ళు ఇంకా కొందరైనా మిగిలే ఉంటారు కదా.

మా నాయన వేలూరులో ఒక బడిలో చరిత్ర చెప్పే అయ్యవారు. ఆయనకు మేమిద్దరం ఆడపిల్లలం. అక్కను గుడియాత్తంలో నేతవాళ్ళింట్లో ఇచ్చినారు, అన్నదమ్ములు ఇద్దరు ఒకే పొయ్యి మీద వండుకుతినే ఇల్లు అది, అన్న కొడుకుకు అక్కను చేసుకున్నారు, ఆ పెళ్ళిలో నన్ను చూసి తమ్ముడి కొడుకుకు నన్నూ అడిగినారు. ఇద్దరూ ఒకే కొంపలో ఉంటారు, ఒకరికొకరు తోడు అనుకొని మా నాయన మురిసిపోయినాడు పాపం. నేను కాపురానికి పోయిన కొన్నాళ్ళకే అన్నదమ్ములు వేరుపడినారు. పెద్దమామ, అంటే అక్కకు మామ, పాత ఇంట్లోనే ఉండిపోయినాడు. మా మామ ఎదురుగా వీధికి ఆ పక్కనున్న చిన్న ఇంట్లోకి మారినాడు. అక్క వాకిట్లో ముగ్గు పెడితే నా వాకిటి నుంచి కనబడేది.

నేతవీధి సంగతి మీకు చెప్పనక్కరలేదు గాని, తెలియనివాళ్ళెవరైనా ఉంటే వాళ్ళ కోసం చెబుతాను. మగ్గానికి ఎక్కించే నిలువు పోగులను పడుగంటారు. ఆ పడుగును తెల్లవారుజామున వీధి పొడుగూతా లాగి కట్టి, రాగి గంజి పట్టించి, కుంచెతో దువ్వి, ఎండ ఎక్కక ముందే ఆరబెట్టుకోవాలి. ఎండ ముదిరితే పోగులు పెళుసెక్కి మగ్గం మీద పుటుక్కు పుటుక్కున తెగుతాయి. మా రెండిళ్ళ ముందరి వీధి పొడుగు ఒక్క పడుగుకే సరిపోయేది. అందుకని వేరుపడినప్పుడు పెద్దమనుషులు ఆ తెల్లవారి వంతును రోజు మార్చి రోజు పంచిపెట్టినారు. ఇక కుంచె ఉంది చూడండి, అది అన్నదమ్ముల తండ్రి గడ్డివేళ్ళు ఏరి తన చేత్తో కట్టింది, ఇద్దరు చెరోపక్క పట్టుకొని లాగాల్సినంత పెద్దది, ఏళ్ళ తరబడి గంజి తాగి నూనె తాగి పట్టుమాదిరి మెత్తబడింది. పంపకంలో అది పెద్దమామ ఇంటి అరుగు మీదే ఉండాలి, ఇద్దరూ వాడుకోవాలి అని చెప్పినారు.

మా నాయన ప్రతి ఆదివారం రైలెక్కి మమ్మల్ని చూడ వచ్చేవాడు. ఒట్టి చేతుల్తో వచ్చినా ఒట్టి నోటితో వచ్చే మనిషి కాదు ఆయన. వేలూరు కోట దగ్గర పాత సామాన్ల అంగడిలో ఇంగ్లీషు పత్రికల కట్ట ఒకటి దొరికిందంట, అందులో ఈ మెక్సికో సంగతంతా ఉండేదంట. ఆయనకు హరికథల పిచ్చి, గొంతు కూడా బాగుండేది, అందువల్ల ఆ కథను వారం వారం ఒక ముక్క చొప్పున, మధ్య మధ్యలో పద్యం చదివినట్టు సాగదీస్తా, ఒక ఆదివారం అక్కవాళ్ళ అరుగు మీద, ఒక ఆదివారం మా అరుగు మీద కూర్చోని చెప్పేవాడు. కండెలు చుట్టే ఆడవాళ్ళు, పని ముగించిన మగవాళ్ళు చుట్టూ చేరేవాళ్ళు. అరవ నేలలో ఉన్నాం కదా, తెలుగు అంత చక్కగా మాట్లాడతారు గాని మా వీధిలో తెలుగక్షరం చదవగలిగినవాళ్ళు లేరు, కాబట్టి ఆయన నోరే మాకు పుస్తకం.

ఆ దేశంలో రెండు పక్షాలు. ఒక పక్షానికి పెద్ద ఒక వకీలు, తెల్లవాళ్ళు రాకముందునుంచీ ఆ నేలలోనే ఉన్న పాతకాపుల బిడ్డ, తల్లీతండ్రీ లేక చిన్నప్పుడు గొర్రెలు కాసినవాడు, ఇప్పుడు సముద్రపు రేవులో కూర్చోని పోరు నడుపుతా ఉన్నాడు. రెండో పక్షానికి ఒక కుర్ర సేనాపతి, ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు, రాజధాని ఆయన చేతిలో ఉంది, గుర్రమెక్కితే ఎదురు లేదు. ఆ పేర్లు మా వీధికి నోరు తిరగక ఒకాయన్ను వకీలని, ఇంకొకాయన్ను దళవాయి అని పిలుచుకున్నాం. మా పెద్దమామ ఎప్పుడో వేలూరు కోర్టులో సాక్ష్యానికి పోయినప్పుడు ఒక వకీలు ఆయన్ను కూర్చోబెట్టి మర్యాదగా మాట్లాడినాడంట, దాంతో ఆయన వకీలు పక్షం. అన్న ఒక పక్షమైతే తమ్ముడు ఇంకో పక్షం కావాలి కదా, మా మామ దళవాయి పక్షం. మొదట్లో ఇదంతా నవ్వులాటే. ఒక వారం వకీలు సైన్యం ఓడితే మా మామ అన్న వాకిట్లోకి వినబడేట్టు దగ్గేవాడు, ఇంకో వారం దళవాయి వెనక్కి తగ్గితే ఎదురింట్లో నుంచి పెద్దమామ దగ్గు వినబడేది.

ఆ ఏడు రంగూను పోయే లుంగీలకు రెండిళ్ళకూ ఒకేసారి పెద్ద బేరం వచ్చింది. ఓడ కదిలే లోపల నేసి ఇవ్వాలి. రోజు మార్చి రోజు వంతు ఎవరికీ చాలలేదు, నీవు ఆగు అంటే నీవు ఆగు అని అన్నదమ్ములు పొద్దున్నే వీధిలో నిలబడి కేకలు వేసుకునేవాళ్ళు. సరిగ్గా అప్పుడే, ఆ ఆదివారం, మా నాయన దళవాయి మెరుపుదాడి చేసి శత్రువుల పెద్ద పెద్ద సేనాపతుల్ని నిద్రలో పట్టినట్టు పట్టుకొని రాజధాని చెరసాలలో వేసిన ముక్క చెప్పినాడు. ఆ మాట వినేసరికి మా మామకు పూనకం వచ్చినట్టయింది. మేము కూడా ఒకణ్ణి చెరలో వేస్తాం చూడండిరా అని లేచి, అన్న అరుగు మీదున్న ఆ పెద్ద కుంచెను భుజాన వేసుకొని వచ్చి మా అటక మీదికి ఎక్కించేసినాడు.

పెద్దమామ చెంబు నేలకేసి కొట్టి లేచినాడు. మూలింటి ముసలవ్వ ఒకామె ఉండేది, నోరు ఊరుకునేది కాదు, ఆమె మధ్యలో దూరి, ఎందుకప్పా కొట్లాట, ఆ వకీలు గెలిస్తే తెల్లవారి వంతు పెద్దోడికి, దళవాయి గెలిస్తే చిన్నోడికి అని ఎగతాళిగా అనేసింది. ఆమె అన్నది ఎగతాళికే. వాళ్ళిద్దరూ కోపంలో ఉన్నారు కదా, ఒకరి మీద ఒకరు పంతానికి పోయి, సరే అంటే సరే అని మగ్గం మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నారు. ఎవరు గెలిస్తే వాళ్ళకు ఆ పని కాలమంతా, అంటే ఓడ కదిలేదాకా, తెల్లవారి వంతు, ఓడినవాడు నోరెత్తకూడదు. నేతగాడు మగ్గం మీద పెట్టిన ఒట్టు అంటే ఏమో మీకు తెలుసు.

మా మామకు ఉన్నదే రెండు మగ్గాలు. వంతు పోతే రంగూను బేరం పోయినట్టే, బేరం పోతే మగ్గాలు దించి పేర్ణాంబట్టులో తోళ్ళు పదును చేసే షాపుకు కూలికి పోవాల్సిందే అని మా అత్త వంటింట్లో కూర్చోని ముక్కు చీదింది. మా ఇంటాయన రాత్రి అన్నం సగంలోనే లేచినాడు. పెద్దమామకు మగ్గాలు ఎక్కువ, ఒక బేరం పోతే ఇంకొకటి వస్తుంది. ఆయనకు పోయేది పరువు. మా ఆడవాళ్ళకు మాత్రం ఆ పొద్దే చెప్పేసినారు, ఎదురింటి గడప తొక్కేది లేదు, మాట్లాడేది లేదు అని. బావి దగ్గర అక్కా నేనూ వీపు వీపు తగిలేంత దగ్గర నిలబడి నీళ్ళు చేదుకొని, ఒక్క మాట అనుకోకుండా బిందెలెత్తుకొని ఎవరి దారిన వాళ్ళు వచ్చేసేవాళ్ళం. ఒక కడుపున పుట్టినవాళ్ళం కదా, ఎంత కష్టంగా ఉండేదో చెప్పలేను.

తరువాతి ఆదివారం నాయన వచ్చి సంగతి విని అగ్గిమీద గుగ్గిలమైపోయినాడు. అక్కడ అంతమంది ప్రాణాలు పోయిన సంగతిని మీరు కోడిపందెం చేస్తారా, ఇక ఒక్క ముక్క చెప్పను పోండి అని అదే రైలుకు తిరిగి పోయినాడు. అది ఇంకా చేటయింది. చెప్పకపోతే ఒట్టు తీరదు, ఒట్టు తీరకపోతే వంతు తేలదు, కుంచె మా అటక మీద, వీధి పెద్దమామ మనుషుల కాపలాలో. చుట్టలు చుట్టిన పడుగులు రెండిళ్ళలోనూ మూలన పడి ఉన్నాయి. అయ్యవారికి ముగింపు తెలుసు, ఏ కూతురికి కొమ్ము కాయాల్నో తేల్చుకోలేక దాక్కున్నాడని ఎవరో అన్నారు. ఆ మాట మాత్రం నాకు రంపపు కోతగా తగిలింది. వయసు పిల్లకాయలు అరుగుల మీద కర్రలు పెట్టుకొని కూర్చోవడం మొదలుపెట్టినారు, వీధిలో ఎవరి గొంతైనా కాస్త పెరిగితే మా అత్త పరుగెత్తుకొని పోయి తలుపు గడియ వేసేది. నేను అటకెక్కి ఆ కుంచెకు నూనె రాసేదాన్ని, ఎండిపోతే ఆ గడ్డివేళ్ళు విరిగిపోతాయని.

ఆఖరికి వీధి పెద్దమనుషులే వేలూరు పోయి నాయన కాళ్ళావేళ్ళా పడి అమావాస్యకు రమ్మని ఒప్పించి వచ్చినారు. అమావాస్య నాడు మా వాళ్ళు మగ్గం ఎక్కరు. మధ్యాన్నం రెండిళ్ళకూ నడుమ, వీధిలోనే చాప వేసి నాయన్ను కూర్చోబెట్టినారు. ఆ పక్క వాళ్ళు, ఈ పక్క మేము. ముందుగానే అక్క ఎవరి కంటా పడకుండా రైలు స్టేషను దారిలో ఎదురు పోయి, నాయనా, దళవాయి గెలిచినాడని చెప్పెయ్, మాకేం పోదు, చెల్లెలు కూలికి పోవాల్సొస్తాదని ఏడ్చిందంట. తన ఇల్లు ఓడిపోవాలని నా కోసం అడిగింది అది. నాయన దాని తల నిమిరి, జరిగింది జరిగినట్టే చెబుతానమ్మా అన్నాడంట. ఇదంతా నాకు చాలా ఏళ్ళ తరువాత తెలిసింది. ఆ పొద్దు నాకు తెలిసింది ఒకటే, నాయన మొహం పీక్కుపోయి ఉండింది, మా ఇద్దరి వైపూ చూడలేదు.

ఆయన మొదలుపెట్టినాడు. చలికాలం పొద్దు, కొండల నడుమ రెండు సైన్యాలు ఎదురుబదురుగా దిగినాయి. దళవాయి దగ్గరున్న బలగం శత్రువులో సగమే. ఓడితే వెనక రాజధాని తప్ప ఇంకేమీ లేదు. అయినా ఆయనే ముందుగా శత్రువు సైన్యంలో ఒక పక్కను చీల్చుదామని దూకినాడు. ఫిరంగులు మోగినాయి, పొగలో ఎవరు ఎవరో తెలియలేదు, ఒక గడియ దళవాయిది పైచేయి, ఇంకో గడియ వాళ్ళది. మా మామ ముందుకు వంగి కూర్చున్నాడు, పెద్దమామ మీసం కొస కొరుకుతా ఉన్నాడు. ఇక ఆఖరి గుర్రపు దండును దళవాయి తన సొంత తోడబుట్టినవాడి చేతికిచ్చి పంపినాడు అని చెప్పి నాయన గొంతెత్తి, అలవాటు కొద్దీ హరికథ ఫక్కీలో సాగదీసి, అంతట కాల్పులాల్పన్ అన్నాడు.

పద్యాల్లో వచ్చెన్, పోయెన్, చెప్పెన్ అని విన్న చెవులు కదా మావి. వీధి వీధంతా దాన్ని కాల్పులాపెన్ అని విన్నాం. కాల్పులు ఆపినాడంట, తోడబుట్టినవాణ్ణి ముందుకు పంపి చూసి మనసొప్పక తుపాకులు ఆపించేసినాడంట! మా అత్త చేతులెత్తి దండం పెట్టింది. మూలింటి అవ్వ, ఇంకేముందప్పా, గెలుపూ లేదు ఓటమీ లేదు, పాత పంపకమే పంపకం అని లేచి నిలబడింది. పిల్లకాయలు కర్రలు కింద పెట్టినారు. ఎదురుగా అక్క కొంగు నోట్లో కుక్కుకొని నవ్వుతా ఏడుస్తా ఉంది. నాయన నోరు తెరుచుకొని అందరినీ చూస్తా ఉండిపోయినాడు. ఆ గడియలో ఆయన ఊరుకొని ఉంటే సరిపోయేది. ఒక్కటంటే ఒక్క అబద్ధం ఆడనక్కరలేదు, ఊరికే నోరు మూసుకొని ఉంటే చాలు. ఊరుకో నాయనా ఊరుకో అని నేను లోపల్లోపల కోటి దేవుళ్ళకు మొక్కినాను.

ఆయన చెయ్యెత్తినాడు. "అది ఊరి పేరప్పా," అన్నాడు. "మన గుడియాత్తం, పేర్ణాంబట్టు మాదిరి ఊరి పేరు. ఆడెవరూ కాల్పులు ఆపలా. గుర్రపు దండు చెదిరిపోయింది. దళవాయి ఓడిపోయినాడు."

మా ఇంటాయన లేచి లోపలికి పోబోతే నాయన కూర్చోమని గద్దించి, నేను ఇంకా ముగించలేదు అన్నాడు. దళవాయి ఒక గుప్పెడు మందితో రాజధానికి తిరిగి వచ్చినాడు. గెలిచిన సైన్యం ఇంకా రాలేదు, కాపలా లేని ఊరిని దొంగలు దోచుకుంటారు. అప్పుడాయన చెరసాలకు పోయి, తాను పట్టి వేయించిన శత్రు సేనాపతుల్లో ఒకరి తలుపు తీయించి, ఊరు నీ చేతిలో పెడుతున్నాను, నీ వాళ్ళు వచ్చేదాకా ఒక్క ఇల్లు కూడా చెడకుండా చూసుకో అని అప్పజెప్పి, తాను తొలగిపోయినాడు. ఇంతే కథ అని నాయన లేచినాడు. ఆ రాత్రి ఆయన ఏ కూతురింట్లోనూ తినలేదు, చావడిలో పడుకున్నాడు.

మా ఇంట్లో ఎవరం నిద్రపోలేదు. తెల్లవారుజామున ఎదురింటివాళ్ళు గెలిచిన వంతుకు పడుగు తెచ్చి వీధిలో లాగి కట్టినారు. పెద్ద కుంచె లేదు కాబట్టి అరువు తెచ్చిన చిన్న కుంచెలు పెట్టుకొని ఉన్నారు. అరుగుల మీద మళ్ళీ కర్రలు. కుంచె కోసం మా ఇంటి మీదికి వస్తారని మాకు భయం, మేమే మీద పడతామని వాళ్ళకు భయం. అప్పుడు మా మామ అటకెక్కి కుంచె దించి భుజాన పెట్టుకొని తలుపు తీసినాడు. మా అత్త కాళ్ళకు అడ్డం పడినా ఆగలేదు. వీధి దాటి, అన్న ముందు నుంచే నడిచి, ఆయన వైపు కన్నెత్తి చూడకుండా, గంజి కుండ పట్టుకొని నిలబడిన మా అక్క దగ్గరికి పోయినాడు.

"పట్టుకోమ్మా," అన్నాడు. "ఊరు నీ చేతిలో పెడతా ఉండా."

అక్క కుండ దించి కుంచె అందుకునింది. అది ఒక్కరి వల్ల అయ్యేది కాదని చెప్పినాను కదా, రెండో కొస నేలకు వాలిపోయింది. అక్క తలెత్తి వీధికి ఈ పక్కనున్న నన్ను చూసింది. నేను ఎవరినీ అడగలేదు, పరుగెత్తుకొని పోయి ఆ కొస పట్టుకున్నాను. ఆడవాళ్ళు వీధిలో కుంచె పట్టడం మా వాళ్ళలో ఎవరూ ఎరగరు. అందరూ నోళ్ళు తెరుచుకొని చూస్తా ఉంటే, అక్క కళ్ళ నీళ్ళు కారిపోతా ఉండగానే, అచ్చం మా నాయన మాదిరి గొంతు సాగదీసి, కాల్పులాల్పన్ అని వీధంతా అదిరేట్టు అరిచింది.

ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దమామ మొహం తిప్పుకున్నాడు గాని ఆయన భుజాలు కదులుతా ఉండేది నేను చూసినాను. కాస్సేపటికి ఇటు తిరిగి తమ్ముణ్ణి చూసి, "రేయ్, ఆడోళ్ళ చేత దువ్విస్తావేమిరా, వచ్చి ఆ కొస పట్టుకో," అన్నాడు. మా మామ పట్టుకున్నాడు. ఒట్టు ఒట్టే, ఆ పని కాలమంతా తెల్లవారి వంతు పెద్దమామదే. కానీ వంతు నాది, నా వంతులో ఎవరి పడుగు ముందు పరుచుకుంటానో నా ఇష్టం అని చెప్పి, ఆ పొద్దు తన పడుగు విప్పించి మా పడుగు కట్టించినాడు. మేము పేర్ణాంబట్టు పోలేదు. నాయన చావడి నుంచి లేచి వచ్చి ఇదంతా చూసి, రెండిళ్ళలోనూ సంగటి తిని, పొట్ట పట్టుకొని రైలెక్కినాడు.

అప్పటినుంచి ఆ మాట మా వీధిలో పాతుకుపోయింది. మొగుడూ పెళ్ళాం అరుచుకుంటే పక్కింటి నుంచి ఎవరో ఒకరు కాల్పులాల్పన్ అనేవాళ్ళు, పిల్లలు జుట్లు పట్టుకుంటే అదే, సంబంధాలు మాట్లాడేటప్పుడు మాట పెరిగితే అదే. అది ఊరి పేరని నాయన ఎంత మొత్తుకున్నా ఎవరూ చెవిన వేసుకోలేదు. వచ్చిన కోపం వచ్చినట్టే నవ్వులోకి దిగిపోయేది. నేనూ అక్కా ఎన్నిసార్లు అనుకున్నామో ఆ మాట! అక్క పోయి చాలా ఏళ్ళయింది, ఇప్పుడు నాతో పోట్లాడేవాళ్ళూ లేరు, ఆపేవాళ్ళూ లేరు.

మొన్నామధ్య గుడియాత్తం పోయినాను. ఇప్పుడు పడుగులకు గంజి మిల్లులోనే పెడతారంట, వీధిలో ఎవరూ పరచరు. ఆ రెండిళ్ళలో ఇప్పుడుండే దాయాదుల మనవళ్ళు వాకిట్లో మోటారు సైకిలు నిలిపే చోటు కోసం తిట్టుకుంటా ఉండారు, అరవంలో. ఇంట్లో కూడా ఇప్పుడు అదే మాట్లాడతారంట. నాకు ప్రాణం లేచి వచ్చి అరుగు మీద నిలబడి కాల్పులాల్పన్ అన్నాను. ఇద్దరూ ఒక్క గడియ ఆగినారు. ఎన్న పాట్టీ, ఏమవ్వా అని అరవంలోనే అడిగినాడు ఒకడు మర్యాదగానే. మళ్ళీ తిట్టుకోవడం మొదలుపెట్టినారు.

ఇదంతా తలుచుకొని, నిన్న సాయంత్రం నా మనవరాలిని పిలిచి ఆ ఊరి పేరు మళ్ళీ ఒకసారి చెప్పమన్నాను. బాగా అలవాటు చేసుకునింది, ఇప్పుడు ఎక్కడా తడబడలేదు, తెల్లవాళ్ళు పలికినంత చక్కగా పలికింది. అందులో నీకేమన్నా వినబడతా ఉందా తల్లీ అని అడిగినాను. ఆ పిల్ల కాస్సేపు పాపం నిజంగానే ఆలోచించింది.

"ఏం వినబడాలవ్వా?" అనింది.